చేతికి కట్టు, కాళ్లకు కసరత్తు: వారానికి ఎన్నిసార్లు?

భుజం పట్టేసినా, మణికట్టు విరిగినా, మోచేతి దగ్గర టెండన్ వాచినా విశ్రాంతి కావలసింది ఆ భాగానికి. తొడలు, పిరుదులు, పిక్కలు ఆ విశ్రాంతిలో వాటా పంచుకోనక్కర్లేదు. పైభాగం గాయం మానుతున్న వారాల్లో ఎక్కువమందికి సరిపోయే లెక్క ఇది: కాళ్లకు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 40 నిమిషాలకు మించకుండా, రెండింటికీ మధ్య కనీసం రెండు రోజుల ఎడంతో. ఎముక విరిగిన తొలి రోజుల్లో, ఆపరేషన్ అయిన కొత్తలో ఈ లెక్క సున్నాకు దిగుతుంది. ఆ తర్వాత ఒకటి, ఆపైన రెండు. మూడుసార్లు చేసి లాభపడేవాళ్లు కొందరుంటారు. రోజూ చేసి లాభపడేవాళ్లు ఉండరు.

ఈ లెక్క దగ్గర తప్పేవాళ్లు రెండు రకాలు. మొదటి రకం వాళ్లు చేతికి స్లింగ్ పడగానే జిమ్ బూట్లు అటక మీద పెట్టేస్తారు. చెయ్యి బాగయ్యాక చూద్దాంలే అనుకుంటారు. మణికట్టు ఎముక అతకడానికే సుమారు ఆరు వారాలు పడుతుంది, బిగుసుకుపోయిన వేళ్లు దారికి రావడానికి ఇంకొన్ని వారాలు. ఈలోగా రెండంతస్తుల మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. రెండో రకం వాళ్ల తీరు దీనికి పూర్తిగా ఎదురు. ఛాతీ రోజు, వీపు రోజు, చేతుల రోజు ఖాళీ అయ్యేసరికి ఆ ఖాళీలన్నిటినీ కాళ్లతో నింపుతారు. వారానికి ఐదు లెగ్ డేలు! కొద్ది రోజులకే మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలై, ఒక గాయంతో మొదలైన విశ్రాంతి రెండు గాయాలతో సాగుతుంది. చూసేవాళ్లకు మొదటిది బద్ధకంగా, రెండోది పట్టుదలగా కనిపిస్తుంది. నష్టం మాత్రం రెండోదానిలోనే ఎక్కువ. పోయిన బలాన్ని కొన్ని వారాల్లో తెచ్చుకోవచ్చు. అరిగించుకున్న మోకాలు అంత తేలిగ్గా మాట వినదు.

రెండుసార్లే ఎందుకు?

గట్టిగా పనిచేసిన తొడ కండరం తేరుకోవడానికి సాధారణంగా 48 నుంచి 72 గంటలు పడుతుంది. కసరత్తు తర్వాత వచ్చే ఒళ్లునొప్పులు కూడా ఆ సమయంలోనే ముదిరి తగ్గుతాయి. వారానికి రెండుసార్లు అంటే కండరానికి పనీ దొరుకుతుంది, తేరుకునే వ్యవధీ దొరుకుతుంది. పెద్దవాళ్లు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

మరి ఒక్కసారి చేస్తే చాలదా? ఉన్న బలం నిలబెట్టుకోవడానికైతే చాలామందికి చాలుతుంది. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం, బర్మింగ్‌హామ్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం కాళ్ల మీదే జరిగింది. అందులో పాల్గొన్నవాళ్లు 16 వారాలపాటు వారానికి మూడుసార్లు కాళ్ల కసరత్తు చేశారు. తర్వాత 32 వారాలు కొందరు మూడో వంతుకు, మరికొందరు తొమ్మిదో వంతుకు తగ్గించారు. తొమ్మిదో వంతంటే వారానికి ఒక్క రోజు, ఒక్కో కసరత్తుకు ఒక్క సెట్. అంత తగ్గించినా 20 నుంచి 35 ఏళ్లవాళ్లకు బలమూ కండ పరిమాణమూ నిలిచాయి. 60 దాటినవాళ్లలో బలం చాలావరకు నిలిచింది కానీ కండ తరిగింది. గాయపడి దిగులుపడేవాళ్లకు ఇంతకన్నా ఊరటనిచ్చే విషయం ఉండదు. నిలబెట్టుకోవడానికి కావలసింది చాలా కొద్ది పని. అయితే సెట్లు తగ్గినా బరువు తగ్గించలేదన్నది ఇక్కడ గమనించాలి. ఆడుతూపాడుతూ చేసే యాభై రెప్‌లకంటే బరువుగా చేసే ఎనిమిది రెప్‌లు కండను ఎక్కువగా కాపాడతాయి.

ఒక్కసారి నిలబెడుతుంది, రెండుసార్లు కాస్త పెంచుతుంది కూడా. ఇక నాలుగైదుసార్లు ఎందుకు వద్దంటే, మానే గాయానికీ తేరుకునే కాళ్లకూ వనరు ఒకటే. తినే తిండి, పడుకునే నిద్ర, శరీరం మరమ్మతుకు పెట్టే శక్తి అన్నీ ఒకే జీతం లాంటివి. ఇంట్లో ఒక పెద్ద ఖర్చు వచ్చిపడిన నెలలో మిగతావి ఆచితూచి పెట్టుకోవాల్సిందే.

మొదలుపెట్టే ముందు

డాక్టరు దగ్గర చాలామంది అడిగే ప్రశ్న "ఎక్సర్‌సైజు చేయొచ్చా అండీ?" అని. దానికి వచ్చే జవాబు ఎక్కువసార్లు "కొన్నాళ్లు ఆగండి" అనే. ప్రశ్న విడమరిచి అడిగితే జవాబూ విడమరిచి వస్తుంది. చేతితో ఏమీ పట్టుకోకుండా, కూర్చుని కాళ్లతో బరువు నెట్టొచ్చా? ఊపిరి బిగబడితే కుట్లకు ఇబ్బంది ఉందా? కట్టు లోపల చెమట పడితే ఫరవాలేదా? ఎన్నాళ్లకు మొదలుపెట్టొచ్చు? ఈ నాలుగూ అడిగితే చాలు.

ఎముక విరిగిందేమోనన్న అనుమానం ఉంటే ఎక్స్‌రే లేకుండా కసరత్తు మాట ఎత్తకూడదు. నాటువైద్యుల దగ్గర పుత్తూరు కట్టు వేయించుకున్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. కట్టు ఎవరు కట్టినా, లోపల ఎముక సరిగ్గా కూడుకుందో లేదో చూసుకున్నాకే కాళ్ల పని మొదలుపెట్టాలి. కట్టు కింద వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వాపు పెరుగుతున్నా ముందు వెళ్లవలసింది ఆసుపత్రికి.

జ్వరం ఉన్నప్పుడు, పుండు నుంచి చీము కారుతున్నప్పుడు, నొప్పి మాత్రల వల్ల తల తిరుగుతున్నప్పుడు కాళ్ల కసరత్తు కూడా వద్దు. పక్కటెముక విరిగినవాళ్లు, హెర్నియా లేదా కంటి ఆపరేషన్ అయినవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. లెగ్ ప్రెస్ మీద బలంగా నెట్టేటప్పుడు తెలియకుండానే ఊపిరి బిగపడుతుంది. దాంతో పొట్టలో ఒత్తిడి, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతాయి. వీళ్లకు కాళ్లు బాగానే ఉన్నా డాక్టరు గడువు చెప్పేదాకా బరువులు నిషిద్ధం.

చెయ్యి తగలని కసరత్తులు

కాళ్ల కసరత్తే కదా, చేతితో పనేముంది అనిపిస్తుంది. నిజానికి జిమ్‌లో లెగ్ డే రోజు చేతులు చేసే చాకిరీ చాలానే ఉంటుంది. బార్‌బెల్ స్క్వాట్‌లో బార్‌ను వీపు మీద నిలపడానికి భుజాలు బాగా వెనక్కి తిరగాలి. భుజం గాయంలో మొదట మొరాయించేది ఆ కదలికే. డెడ్‌లిఫ్ట్‌లో బరువంతా పిడికిలి మోస్తుంది. డంబెల్స్ పట్టుకుని లంజ్‌లు వేస్తే మణికట్టు, భుజం రెండూ లాగుతాయి. హ్యాక్ స్క్వాట్ యంత్రంలో బరువు భుజాల మీది దిండ్ల గుండా దిగుతుంది కాబట్టి కాలర్‌బోన్ విరిగినవాళ్లు దాని దగ్గరికి వెళ్లకూడదు. బోర్లా పడుకుని చేసే లెగ్ కర్ల్‌లో మోచేతుల మీద ఆనుకోవడం వల్ల భుజం మీద భారం పడుతుంది.

మిగిలేవి కూడా తక్కువేం కాదు. లెగ్ ప్రెస్ ముందు వరుసలో ఉంటుంది. తొడ ముందు భాగానికి లెగ్ ఎక్స్‌టెన్షన్, వెనక భాగానికి కూర్చుని చేసే లెగ్ కర్ల్, పిక్కలకు కూర్చుని మడమలెత్తే యంత్రం. ఈ నాలుగింటితో కాళ్లకు సంపూర్ణంగా పని దొరుకుతుంది. గాయపడిన చేతిని ఒడిలో పెట్టుకోవాలి, యంత్రం పిడిని పట్టుకోకూడదు. బరువు కష్టమైనప్పుడు పిడిని గట్టిగా పిసకడం మనిషి సహజ గుణం. ఆ పిసకడమే మోచేతి టెండన్‌ను మళ్లీ రేపుతుంది.

జిమ్‌లో గాయం తిరగబెట్టేది ఎక్కువగా కసరత్తు నడుమ కాదు. లెగ్ ప్రెస్‌కు 20 కిలోల ప్లేట్లు ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు, నేల మీది డంబెల్‌ను పక్కకు జరిపేటప్పుడు తిరగబెడుతుంది. కాళ్లు 120 కిలోలు నెడుతున్నాయన్న హుషారులో చెయ్యి సంగతి మరిచిపోతారు. ప్లేట్లు ఎక్కించమని ట్రైనర్‌నో పక్కన చేసేవాళ్లనో అడగడంలో నామోషీ ఏమీ లేదు. అడగడానికి మొహమాటమైతే పిన్ను గుచ్చి బరువు మార్చే యంత్రాలే ఎంచుకోవచ్చు.

ఇంటి దగ్గరే చేసేవాళ్లకూ దారులున్నాయి. బస్కీలు తీసేటప్పుడు మూడు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా దిగి, కింద ఒక క్షణం ఆగి లేస్తే, ఒంటి బరువే సరిపోతుంది. బడిలో శిక్షగా వేసిన గోడకుర్చీ ఇక్కడ మందుగా పనికొస్తుంది. వీపు గోడకు ఆనించి 30 నుంచి 45 సెకన్లు నిలబడితే చాలు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం తేలికైపోతే ఒంటికాలితో చేయాలి. ఇంటి ముందు అడుగు ఎత్తున్న మెట్టు మీదికి ఒక్కో కాలితో పదేసిసార్లు ఎక్కి దిగడం మోకాళ్లకు మంచి పని.

చెయ్యి స్లింగ్‌లో ఉంటే శరీరం తూకం తప్పుతుంది. జారితే ఆనుకోవడానికి ఒక్క చెయ్యే ఉంటుంది. పడబోయినప్పుడు కట్టున్న చెయ్యి కూడా అప్రయత్నంగా ముందుకు వస్తుంది. అందుకని పెట్టెల మీదికి దూకడాలు, తడి నేల మీద లంజ్‌లు, రోడ్డు మీద సైకిలు, ట్రెడ్‌మిల్ మీద పరుగు కొన్నాళ్లు పక్కన పెట్టాలి. కాలర్‌బోన్, భుజం గాయాల్లో పరుగు కుదుపు కూడా నొప్పే. నడక, జిమ్‌లోని నిలకడ సైకిలు ఆ లోటు తీరుస్తాయి.

ఎంత చేయాలి?

1. ఒక్కో రోజుకు మూడు నాలుగు కసరత్తులు, ఒక్కోదానికి రెండు మూడు సెట్లు. రోజు మొత్తం పది సెట్లు దాటితే ఎక్కువైనట్టే.

2. ప్రతి సెట్‌ను ఇంకో రెండు మూడు రెప్‌లు తీయగలిగే స్థితిలో ఆపాలి. గాయం లేని రోజుల్లో కూడా చివరి రెప్‌ దాకా పళ్లు బిగించి లాగనక్కర్లేదు. గాయపడ్డప్పుడు అస్సలు అక్కర్లేదు. పళ్లు బిగిస్తే మెడ, భుజం, పిడికిలి అన్నీ బిగుస్తాయి.

3. నెట్టేటప్పుడు ఊపిరి వదలాలి.

4. రెండు వారాలకు మించి విరామం వచ్చి ఉంటే మొదటి రోజు సగం సెట్లే. ఈ ఒక్క నియమం తప్పినవాళ్లే మర్నాడు మెట్లు దిగలేక రెయిలింగ్ పట్టుకుంటారు, అదీ ఒక్క చేత్తో. విరామం తర్వాత ఒకేసారి వందలకొద్దీ బస్కీలు తీయడం నిజంగా ప్రమాదం. కండరం విపరీతంగా దెబ్బతిని అందులోని పదార్థాలు రక్తంలో కలిస్తే మూత్రపిండాలకు ముప్పు. కసరత్తు తర్వాత తొడలు బిగదీసుకుపోయి, మూత్రం డికాక్షన్ రంగులో వస్తే గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

5. గాయం దగ్గరి నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలుచుకోవాలి. కసరత్తు నడుమ రెండు దాటకూడదు. అదే రాత్రి, మర్నాడు ఉదయం మళ్లీ చూసుకోవాలి. ముందున్నదానికంటే పెరిగి ఉంటే ఏదో ఒక కసరత్తు ఆ భాగాన్ని తాకుతోందని అర్థం. వెతికి, దాన్ని తీసేయాలి.

6. కసరత్తుకు ముందు నొప్పి మాత్ర వేసుకోకూడదు. నొప్పి ఇక్కడ కాపలాదారు. దాన్ని పడుకోబెడితే ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్లుండరు. డాక్టరు రాసిన మాత్రలు వేళకు వేసుకోవలసిందే కానీ, సెట్లు లాగడానికని అదనంగా వేసుకోవడం మరో సంగతి.

వారాన్ని ఎలా అమర్చుకోవాలి?

మూడు సందర్భాలు చూస్తే లెక్క తేలిగ్గా పట్టుబడుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే 28 ఏళ్ల యువకుడు వానలో బైకు జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడనుకుందాం. పిండికట్టు వేశారు, ఆపరేషన్ అవసరం పడలేదు. మొదటి వారం కసరత్తు లేదు. వాపు తగ్గడానికి చెయ్యి ఎత్తుగా పెట్టుకోవడం, రోజూ కాసేపు నడక. రెండో వారం డాక్టరు సరేనన్నాక ఒక్క రోజు, రెండేసి సెట్లు. మూడో వారం నుంచి మంగళ, శుక్రవారాలు. మంగళవారం లెగ్ ప్రెస్ ముఖ్యంగా, శుక్రవారం తొడ వెనక భాగం, పిరుదులు ముఖ్యంగా. కట్టు విప్పే ఆరో వారానికి అతని కాళ్లు ముందున్నంత బలంగానే ఉండే అవకాశం ఎక్కువ.

ఇక వాలీబాల్ ఆడే అమ్మాయి. స్మాష్ కొట్టీ కొట్టీ భుజం టెండన్ వాచింది, ఎముకకు ఏమీ కాలేదు. గాయానికి ముందు వారానికి మూడుసార్లు కాళ్లకు చేసే అలవాటు ఉంది. ఈమెకు మూడు రోజులూ కొనసాగించే వీలుంది. సోమ, బుధ, శనివారాలు. అయితే రెండు రోజులకు సరిపడే సెట్లనే మూడు రోజులకు పంచాలి, కొత్తగా కలపకూడదు. రోజులు పెరిగినంత మాత్రాన లాభం పెరగదు. వారం మొత్తం మీద చేసిన పని సమానంగా ఉంటే రెండు రోజులకూ మూడు రోజులకూ కండ పెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. మరి మూడు రోజులు ఎందుకంటే, ఆటకు దూరమైన మనసుకు ఆ క్రమం ఆసరా. అది కూడా ఒక అవసరమే, తీసిపారేయదగ్గది కాదు.

మూడో సందర్భం అన్నిటికంటే ఎక్కువ ఇళ్లలో కనిపించేది. 62 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయిని, పదేళ్లుగా షుగరు, ఇప్పుడు ఫ్రోజెన్ షోల్డర్. జడ వేసుకోవడానికి చెయ్యి లేవదు. షుగరు ఉన్నవాళ్లలో ఈ సమస్య ఎక్కువ, పైగా ఏడాది నుంచి మూడేళ్ల దాకా సాగుతుంది. భుజం వదిలాక చూద్దామంటే రెండేళ్లు కూర్చోవాలి. ఈ వయసులో రెండేళ్లు కూర్చుంటే కాళ్ల బలం పోయి, పడిపోయే భయం మొదలవుతుంది. అలబామా అధ్యయనంలో 60 దాటినవాళ్ల కండ నిలవడానికి వారానికి ఒక్కసారి సరిపోకపోవడం ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఈమెకు రెండు రోజులు తప్పనిసరి. జిమ్ అక్కర్లేదు. చేతులు లేని కుర్చీలోంచి ఏమీ పట్టుకోకుండా లేచి కూర్చోవడం పదిసార్లు చొప్పున మూడు విడతలు, వంటగది గట్టు మీద బాగున్న చెయ్యి ఆనించి మడమలెత్తడం, గోడకుర్చీ. మిగతా రోజుల్లో భోజనం తర్వాత పది పదిహేను నిమిషాల నడక కాళ్లకే కాక షుగరుకూ మంచిది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, షుగరును బాగా దించే మాత్రలు వాడేవాళ్లు ఖాళీ కడుపుతో కసరత్తు చేయకూడదు.

తగ్గించాల్సిన వేళ

రెండు రోజులని రాసుకున్నంత మాత్రాన ప్రతి వారం రెండూ జరిగి తీరాలని లేదు. స్లింగ్‌తో పడుకోవడం కష్టం. నిద్ర తెగిపోయిన వారంలో ఒక్కటి చాలు. వరసగా రెండుసార్లు అదే బరువు ముందుకంటే కష్టంగా తోచినా, ఒళ్లునొప్పులు మూడు రోజులు దాటినా, పొద్దున్న లేవగానే నాడి మామూలుకంటే స్పష్టంగా వేగంగా ఉన్నా, ఆ వారం సెట్లు సగానికి కోయాలి. ఒక వారం తగ్గిస్తే పోయేదేమీ లేదు. కసరత్తు పూర్తిగా ఆపేసినా మూడు నాలుగు వారాల దాకా కాళ్ల బలం పెద్దగా తరగదు. మంచానికి అతుక్కుపోతే మాత్రం ఆ గడువు ఉండదు. అప్పుడు మొదటి రెండు వారాల్లోనే కండ గబగబా కరుగుతుంది. అందుకే కసరత్తు లేని రోజుల్లోనూ నడక మానకూడదు.

తిండి

కదలిక తగ్గింది కాబట్టి తిండి తగ్గించాలన్నది చాలా ఇళ్లలో వినిపించే మాట. ఎముక అతుక్కునేటప్పుడు, ఆపరేషన్ గాయం మానేటప్పుడు శరీరానికి మామూలుకంటే ఎక్కువే కావాలి. బరువు తగ్గే డైట్లు ఈ వారాల్లో వద్దు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. 60 కిలోల మనిషికి ఇది 50 గ్రాములు. గాయం మానుతూ, కాళ్లకు బరువులు చేస్తున్నవాళ్లకు కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా అంటే 70 నుంచి 95 గ్రాములు మేలు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు దీన్ని డాక్టరును అడగకుండా పెంచకూడదు.

అన్నంలో కాస్త పప్పు కలిపితే ఈ లెక్క తేలదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో అంతకు కొంచెం ఎక్కువ, 30 గ్రాముల కందిపప్పులో 6, 7 గ్రాములు. వండిన చికెన్ 100 గ్రాములు తింటే 25కు పైనే. మూడు పూటలా ఏదో ఒకటి పడాలి. పొద్దున్న ఇడ్లీతోపాటు రెండు గుడ్లు లేదా పెసరట్టు, మధ్యాహ్నం గట్టి పప్పు, పెరుగు, రాత్రి చేపో చికెనో పనీరో. పొగ మానడం ఎలాగూ మంచిదే కానీ ఎముక విరిగినవాళ్లకు అది అత్యవసరం. సిగరెట్ ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తుంది.

గాయం నడుముకో కాలికో అయితే

నడుము పట్టేసినవాళ్లకు లెగ్ ప్రెస్ సురక్షితం అనిపిస్తుంది, ఎందుకంటే వీపు దిండుకు ఆని ఉంటుంది. కానీ మోకాళ్లు ఛాతీ దాకా వచ్చేలా దించితే నడుము దిండు నుంచి లేచి వంగిపోతుంది, బరువంతా అక్కడికే చేరుతుంది. సగం దాకానే దించడం, వారానికి ఒకటి రెండుసార్లు చిన్న బరువులతో ఆపడం మేలు. నొప్పి కాలి కిందికి జారుతున్నా, పాదం బలహీనపడినా కసరత్తు ఆపి చూపించుకోవాలి. మల మూత్రాల మీద అదుపు తప్పుతుంటే అది అత్యవసరం, మర్నాటి దాకా ఆగకూడదు.

ఒక కాలికే గాయమైతే రెండో కాలికి వారానికి రెండు మూడుసార్లు పని చెప్పవచ్చు. ఒక కాలు లావై, ఒకటి సన్నగా మిగులుతుందన్న భయం అక్కర్లేదు. ఒక వైపు కండరానికి శిక్షణ ఇస్తే పని చేయని రెండో వైపు కూడా కొంత బలం చేరుతుంది. 1894లోనే అమెరికాలోని యేల్‌లో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ బృందం దీన్ని గమనించింది. ఆ తర్వాత జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే అలా చేరే బలం సగటున 8 శాతం దాకా ఉంటుంది. ఇది నరాల ద్వారా జరిగే పని కాబట్టి కట్టులో ఉన్న కాలిని కదిలించాల్సిన అవసరమే రాదు. చేతులకూ ఇదే సూత్రం. మణికట్టు విరిగిన యాభై దాటిన మహిళలు కెనడాలో జరిగిన అధ్యయనంలో బాగున్న చేతికి శిక్షణ తీసుకుంటే, 12 వారాలకు విరిగిన చేతి పట్టు మెరుగ్గా కనిపించింది. కాబట్టి లెగ్ డే చివర బాగున్న చేతితో రెండు సెట్లు చేయడం వృథా కాదు.

కట్టులో ఉన్న కాలి పిక్క హఠాత్తుగా వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే నాళంలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ పిక్కను పిసకడం, కసరత్తు చేయించడం ప్రాణాంతకం కావచ్చు. దాంతోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే అంబులెన్సును పిలవాలి.

కాలి ఎముక గాయాలకు తొందర పనికిరాదు. పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బ్యాడ్మింటన్ సింగిల్స్ స్వర్ణం గెలిచారు. ఎడమ చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్ తేలడంతో అదే నెలలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ వదులుకున్నారు. మళ్లీ అంతర్జాతీయ టోర్నీ ఆడింది 2023 జనవరిలో, మలేసియా ఓపెన్‌లో. డాక్టర్లు, ఫిజియోలు వెన్నంటి ఉండే క్రీడాకారిణికే సుమారు ఐదు నెలలు పడితే, ఉద్యోగం చేసుకుంటూ కసరత్తు చేసే మనిషి ఆరు వారాలకే పరుగెత్తలేకపోయానని నొచ్చుకోవడం ఎందుకు?

చెయ్యి తిరిగొచ్చాక

కట్టు విప్పిన రోజే పాత పట్టిక తీసి పెట్టుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. చేతికి ఫిజియోథెరపీ మొదలయ్యాక కూడా రెండు మూడు వారాలు కాళ్లకు అవే రెండు రోజులు ఉంచాలి. ఫిజియో వ్యాయామాలు చెయ్యి తాజాగా ఉన్నప్పుడు, అంటే కాళ్ల సెట్లకు ముందు చేయాలి. భుజం పూర్తిగా వెనక్కి తిరిగి, పిడికిలి నొప్పి లేకుండా బిగిశాకే బార్‌బెల్ స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ వైపు చూడాలి. అదీ ఖాళీ బార్‌తో మొదలుపెట్టి. ఈలోగా లెగ్ ప్రెస్ మీద పెరిగిన బలం చూసుకుని స్క్వాట్‌లో పాత బరువు ఎత్తబోతే కాళ్లు లేస్తాయి కానీ ఆ బార్‌ను నిలపాల్సిన చెయ్యి, వీపు ఇంకా వెనకబడే ఉంటాయి. ఒకటి రెండు నెలలు వాటి వేగంతోనే బరువు పెంచాలి. పైభాగానికి వారానికి రెండు రోజులు నొప్పి లేకుండా నడిచాక, కాళ్లకు గాయానికి ముందున్న పట్టికను మళ్లీ ఎత్తుకోవచ్చు.